చీటీల పెట్టె, మతిమరపు లెక్క: ఒక విమర్శ

జ్ఞాపకముంచుకోవడం ముస్లిం సమాజానికి కొత్త విద్య కాదు. దివ్య ఖుర్‌ఆన్‌ను ఆమూలాగ్రం కంఠస్థం చేసిన హాఫిజులు ప్రతి తరంలోను వున్నారు, మన పల్లెలలో సైతం వున్నారు. అందువల్ల పాశ్చాత్య దేశాలలో పుట్టిన ఒక కంప్యూటర్ సాధనం, మరచిపోకుండా వుండే ఉపాయం నా దగ్గర వున్నదంటూ మన ముంగిట నిలిచినప్పుడు మనలో కొందరు నవ్వి ఊరుకుంటారు. మరికొందరు అరబీ నేర్చుకునే పిల్లల చేతికి దానిని అందించి, ఇక ఉస్తాదు అక్కరలేదన్నట్లు నిశ్చింతగా వుంటారు. ఈ రెండూ పరిశీలన అనిపించుకోవు. ఆ సాధనం ఏమిటి, దాని వెనుక వున్న లెక్క ఏమిటి, అది ఏది చేయగలదు, ఏది చేయలేదు అన్నది విడమరచి చూడవలసి వున్నది. ఇటువంటి సాధనమొకటి తయారుచేసి విద్యార్థుల ముందుంచిన కొద్దిమంది మిత్రులలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. కనుక ఈ విమర్శలో కొంత భాగం ఆత్మవిమర్శ అని పాఠకులు గ్రహించగలరు.

ఫ్లాష్‌కార్డు అంటే చిన్న చీటీ. దానికి ఒకవైపు ప్రశ్న, రెండవవైపు జవాబు వుంటాయి. ప్రశ్న చూసి జవాబును మనసులో తలచుకొని, ఆ తరువాత తిప్పి సరిచూసుకోవాలి. విద్య అంతా ఆ తలచుకోవడంలోనే వున్నది. చదివిన దానినే మళ్ళీ మళ్ళీ చదవడం కంటె, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం ఎక్కువ మేలు చేస్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగపూర్వకంగా చూపారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే తిరిగి చదివినవారే ముందున్నారు: 81 శాతం, 75 శాతం. వారం తరువాత అడిగితే ఫలితం తారుమారయింది. తిరిగి చదివినవారికి 42 శాతం మిగలగా, గుర్తు తెచ్చుకుని చూసుకున్నవారికి 56 శాతం మిగిలింది. పరీక్షకు ముందు రాత్రి పుస్తకం తిరగేసే విద్యార్థికి తనకంతా వచ్చేసిందని ఎందుకనిపిస్తుందో, నెల తిరిగేసరికి అది ఎక్కడికి పోతుందో ఈ అంకెలు చెబుతున్నాయి.

ఈ చర్చకు మూలపురుషుడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్. ఆయన అర్థంలేని అక్షర సముదాయాలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత జారిపోతున్నదో తనమీదనే పరీక్షించుకొని 1885లో గ్రంథంగా వెలువరించాడు. ఇరవై నిమిషాలకు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, ఆరు రోజులకు 25, నెలకు 21 అన్న ఆయన అంకెలు నేడు ప్రతి సాధనం ప్రకటనలోను కనిపిస్తాయి. కాని ఆ ప్రకటనలు దాచే విషయాలు రెండు వున్నాయి. మొదటిది, ఆ అంకెలు ఎంత గుర్తున్నదన్న దానికి కొలమానం కాదు, తిరిగి నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ మిగిలిందన్న దానికి. రెండవది, ఆయన బట్టీపట్టినవి అర్థంలేని అక్షరాలు. అర్థమున్న వాక్యం, అందులోను నమాజులో రోజూ నోటికి వచ్చే వాక్యం, ఆ వేగంతో జారిపోదు. అర్థం లేనిదానికి వేసిన గీతను అర్థమున్నదానికి అతికించి, మీ పిల్లవాడు రేపటికి మూడింట రెండువంతులు మరచిపోతాడని తల్లిదండ్రులను భయపెట్టడం న్యాయం కాదు.

ఎబింగ్‌హౌస్ తరువాత ఈ లెక్క చాలాకాలం పుస్తకాలలోనే వుండిపోయింది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు, నేర్చుకోవడమెలాగో నేర్పే తన పుస్తకంలో అరలు చేసిన అట్టపెట్టెను వర్ణించాడు. జవాబు సరిగా వచ్చిన చీటీ తరువాతి అరకు పోతుంది, తప్పినది మొదటి అరకు తిరిగివస్తుంది. పై అరలను అరుదుగా, మొదటి అరను తరచుగా తీయాలి. ఇంతకంటె సులువైన ఉపాయం లేదు, కరెంటు కూడా అక్కరలేదు.

పోలండు దేశంలో ప్యోటర్ వోజ్నియాక్ అనే విద్యార్థి 1985లో ఇదే పనిని కాగితంపై లెక్కలతో మొదలుపెట్టి, 1987లో సూపర్‌మెమో అనే కంప్యూటర్ ప్రోగ్రాముగా మార్చాడు. ఆనాటి రెండవ గణన పద్ధతి ఎంత చిన్నదంటే దానిని ఇక్కడే చెప్పవచ్చు. మొదటిసారి జవాబు వచ్చిన చీటీని ఒక రోజు తరువాత చూపాలి, రెండవసారి ఆరు రోజుల తరువాత. ఆపైన ప్రతిసారీ గడువును ఒక గుణకంతో హెచ్చించాలి. ఆ గుణకం 2.5తో ఆరంభమవుతుంది. జవాబు కష్టంగా వస్తే తగ్గుతుంది, కాని 1.3కు దిగువకు పోదు. కాబట్టి సులువుగా వచ్చే చీటీ 1, 6, 15, 38, 95 రోజులకు కనిపిస్తుంది. 1990లో ఆయన తన పరిశోధనా పత్రంలో ఈ పద్ధతిని వివరించాడు. దానిని దాచుకోకపోవడం వల్లనే తరువాత వచ్చిన వందలాది సాధనాలకు పునాది ఏర్పడింది. ఈ ఒక్క విషయంలో ఆయనకు లోకం ఋణపడి వున్నది.

ఇంటర్నెట్ వచ్చిన తరువాత రెండు సాధనాలు ముందుకు వచ్చాయి. వాటి పుట్టుక ఒకే విధమైనది, నడక వేరు. అమెరికాలో ఆండ్రూ సదర్లాండ్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడికి 2005లో ఫ్రెంచి తరగతిలో 111 జంతువుల పేర్లు నేర్చుకొని రమ్మన్నారు. ఆ ఒక్క పరీక్ష కోసం రాసుకున్న ప్రోగ్రామే క్విజ్‌లెట్. 2007 జనవరిలో దానిని అందరికీ తెరిచాడు. ఇటు ఆస్ట్రేలియాకు చెందిన డేమియన్ ఎల్మ్స్ జపాను భాష నేర్చుకోవడానికి రాసుకున్న ప్రోగ్రాము అంకీ, 2006లో వెలువడింది. ఆ పేరుకు జపాను భాషలో కంఠస్థం చేయడమని అర్థం. ఇద్దరూ తమ అవసరం కోసం తయారుచేసుకొని ఆపైన ఇతరులకు ఇచ్చారు. ఇది గమనార్హం. తానే మొదటి విద్యార్థి అయినవాడు తయారుచేసిన సాధనంలో ఒక నిజాయితీ వుంటుంది.

అయితే నడక దగ్గర దారులు చీలిపోయాయి. క్విజ్‌లెట్ పెట్టుబడి తెచ్చుకొని పెద్ద సంస్థ అయింది. 2020లో దాని విలువను వంద కోట్ల డాలర్లుగా లెక్కకట్టారు. చూడడానికి అందంగా వుంటుంది, పదేళ్ళ పిల్లవాడు కూడా ఎవరూ చెప్పకుండానే వాడగలడు. కాని 2022లో అంతవరకు ఉచితంగా వున్న నేర్చుకునే విధానాన్ని, పరీక్ష విధానాన్ని చందా కట్టనివారికి చాలావరకు కట్టడి చేసింది. వ్యాపార సంస్థ ధర పెట్టుకోవడం తప్పని అనబోము. కాని ఆ చీటీలను రాసినవారు ఎవరు? లక్షలాది విద్యార్థులు, ఉపాధ్యాయులు. వారు ఉచితంగా పోగుచేసిన ధాన్యపు గాదెకు తాళం వేసిన తరువాత తాళంచెవికి అద్దె అడిగినట్లయింది. అంకీ ఇందుకు భిన్నమైనది. దాని మూల గ్రంథం ఎవరైనా చదివి మార్చుకోవడానికి వీలుగా బహిరంగంగా వున్నది. కంప్యూటరులో ఉచితం, ఆండ్రాయిడ్ ఫోన్లకు స్వచ్ఛంద సేవకులు రాసినదీ ఉచితమే. ఐఫోన్ రూపానికి మాత్రం ధర పెట్టి, ఆ రాబడితో మిగతా పనిని సాగించారు. 2023లో ప్రతి విద్యార్థి జవాబుల చరిత్రను బట్టి గడువులు నిర్ణయించే కొత్త గణన పద్ధతి కూడా అందులో చేరింది. కాని మొదటిసారి తెరిచినవాడికి అది కొరుకుడు పడదు. మన మదరసా విద్యార్థికి అంకీ అమరికలు అర్థమయ్యేలా చెప్పడానికి మాకు ఒక పూట పట్టింది.

ఇంతవరకు సాధనాల సంగతి. అసలు చిక్కు చీటీలో వున్నది.

ఖుర్‌ఆన్‌లో తరచుగా వచ్చే కొన్ని వందల పదాలు నేర్చుకుంటే చాలు, సగానికి పైగా అర్థమవుతుందన్న మాట నేడు బాగా ప్రచారంలో వున్నది. లెక్క అబద్ధం కాదు. ఏ భాషలోనైనా కొద్ది పదాలే ఎక్కువసార్లు వస్తాయి. కాని అలా తరచుగా వచ్చేవి 'మిన్', 'ఫీ', 'లా', 'మా' వంటి చిన్న అవ్యయాలు. 'మా' అన్న ఒక్క మాట ఒకచోట 'కాదు' అని, ఒకచోట 'ఏది' అని, మరొకచోట 'ఏమిటి' అని అర్థమిస్తుంది. పుటలో వున్న పదాలలో సగం తెలియడం వేరు, వాక్యంలో సగం తెలియడం వేరు. తెలుగులో 'అయితే', 'కాని', 'మరియు' తెలిసినంత మాత్రాన ఎవరికైనా ఒక దస్తావేజులో సగం అర్థమవుతుందా?

'జరబ' అన్న ధాతువును చూడండి. చీటీకి ఒకవైపు ఈ మాట, రెండవవైపు 'కొట్టాడు' అని వుంటుంది. నేను చూసిన చీటీల కట్టలలో చాలావాటిలో ఇంతే వున్నది. బఖరా సూరా 60వ ఆయతులో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను చేతికర్రతో బండను కొట్టమన్నచోట ఈ అర్థం సరిపోతుంది. ఇబ్రాహీమ్ సూరా 24వ ఆయతులో అదే ధాతువుకు ఉపమానం చెప్పడమని అర్థం. నిసా సూరా 101వ ఆయతులో భూమిపై ప్రయాణం చేయడమని అర్థం. ఒక చీటీతో ఈ ధాతువును 'నేర్చేసుకున్న' విద్యార్థి ఆ మూడు చోట్లా కొట్టడమనే చదువుతాడు. పైగా యంత్రం అతనికి ప్రతిసారీ నూటికి నూరు మార్కులు వేస్తుంది. అజ్ఞానానికంటె ఈ నిశ్చయం ప్రమాదకరం.

'ఉమ్మత్' సంగతి ఇంకా విచిత్రం. సమాజమని అందరికీ తెలిసినదే. హూద్ సూరా 8వ ఆయతులోను, యూసుఫ్ సూరా 45వ ఆయతులోను దానికి కొంత కాలమని అర్థం. నహ్ల్ సూరా 120వ ఆయతులో ఒక్క వ్యక్తి, హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం), ఉమ్మత్‌గా పేర్కొనబడ్డారు. మన పూర్వ పండితులకు ఈ సమస్య తెలియనిది కాదు. ఒకే పదానికి చోటును బట్టి వచ్చే వేర్వేరు అర్థాలను పోగుచేయడానికి 'వుజూహ్, నజాయిర్' అనే శాస్త్రమే ఏర్పడింది. హిజ్రీ 150లో (క్రీ.శ. 767) మరణించిన ముఖాతిల్ బిన్ సులైమాన్ పేరిట ఆ విషయంపై గ్రంథమున్నది. రాగిబ్ అస్ఫహానీ 'ముఫ్రదాత్'ను ధాతువుల వరుసలో కూర్చినా, ప్రతి ధాతువు కింద ఆయతులను ముందుంచుకొనే అర్థం చెప్పాడు. వీరు పదాన్ని వాక్యం నుండి ఊడబెరకలేదు. ఈనాటి చీటీ చేస్తున్నది సరిగ్గా ఆ ఊడబెరికే పనే. విచిత్రమేమంటే చీటీల విద్యకు ఆద్యుడైన వోజ్నియాక్ సైతం 1999లో రాసిన నియమాలలో, అర్థం కానిదానిని కంఠస్థం చేయవద్దన్న దానికే ప్రథమ స్థానం ఇచ్చాడు. ఆయన లెక్కను తీసుకున్నవారు ఆయన నియమాన్ని వదిలేశారు.

ఇక మా ప్రయత్నం. తెలుగు మాధ్యమంలో చదివి అరబీ ఆరంభించే విద్యార్థుల కోసం, ఫోనులో తెరుచుకునే ఒక చీటీల పెట్టెను మేము తయారుచేశాము. గణన పద్ధతి రాయడానికి ఒక సాయంత్రం సరిపోయింది. మిగతాదానికి ఏడాది పట్టింది. అరబీ కుడినుండి ఎడమకు, తెలుగు ఎడమనుండి కుడికి నడుస్తాయి. రెండింటినీ ఒకే వరుసలో వేస్తే విరామ చిహ్నం వాక్యం మొదటికి ఎగిరి కూర్చునేది. జవాబును టైపు చేయించాలనుకున్నప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. కంప్యూటరుకు జబర్, జేర్, పేష్‌లు ప్రతి ఒక్కటీ వేరే అక్షరమే. వాటిని పెట్టకుండా రాసిన విద్యార్థి జవాబు సరైనదైనా యంత్రం తప్పు అన్నది. సరేనని మేము వాటిని తొలగించి పోల్చాము. అప్పుడు 'అలిమ' (తెలుసుకున్నాడు), 'అల్లమ' (నేర్పాడు), 'ఇల్మ్' (విద్య), 'అలమ్' (జెండా) నాలుగూ ఐన్, లామ్, మీమ్ అనే మూడు అక్షరాలుగా మిగిలి, ఒకదానికి బదులు మరొకటి రాసినా ఒప్పు అయిపోయింది.

తెలుగు లిపిలో రాద్దామంటే అది మరీ ప్రమాదం. మన సకారం ఒక్కటే సీన్, స్వాద్, సే అనే మూడింటికీ పనిచేస్తుంది. స్వాద్‌తో 'నస్ర్' అంటే సహాయం, సీన్‌తో 'నస్ర్' అంటే గద్ద. తెలుగు చీటీ మీద రెండూ ఒకటే! చివరకు టైపు చేయించడమే మానివేసి, విద్యార్థి నోటితో చెప్పుకొని తానే తీర్పు ఇచ్చుకునేలా మార్చాము. ఓడిపోయి తీసుకున్న ఈ నిర్ణయమే మేము చేసిన మంచి పనులలో ఒకటని ఇప్పుడనిపిస్తున్నది.

ప్రారంభోత్సవం రంజాన్‌కు రెండు నెలల ముందు జరిగింది. రోజుకు పది కొత్త చీటీలు అన్నాము. పది పెద్ద సంఖ్య కాదనుకున్నాము. కాని కొత్త చీటీ ఒక్కసారి వచ్చి పోదు, గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ వస్తుంది. కొద్ది వారాలకు రోజువారీ పునశ్చరణ కొత్తవాటికి సుమారు పదింతలకు చేరుతుంది. అప్పటికీ పిల్లలు నెట్టుకొచ్చారు. రంజాన్ వచ్చింది. తరావీహ్, తిలావత్‌ల మధ్య ఎవరూ ఫోను తెరవలేదు. ఖుర్‌ఆన్ అవతరించిన మాసంలో ఖుర్‌ఆన్‌నే చదువుకుంటున్నందుకు, ఈద్ మరునాడు మా సాధనం వారికి ఇచ్చిన బహుమానం నాలుగు వందలకు పైబడిన బాకీ చీటీలు. పైన ఎర్ర అక్షరాలలో ఆ సంఖ్య. చాలామంది అది చూసి మూసివేసి మళ్ళీ తిరిగి రాలేదు. 'సార్, నేను అంతా మరచిపోయానని అది చెబుతున్నది' అని ఒక అమ్మాయి అన్నది. ఆమె మరచిపోలేదు. ఆ నెలలో ఆ పదాలను తిలావత్‌లో ఎన్నో మార్లు చదివింది. మా యంత్రానికి తన తెర బయట జరిగిన చదువు చదువు కాదు.

అందులో లెక్క తప్పు కూడా ఒకటున్నది. 15 రోజుల గడువున్న చీటీకి 40 రోజుల తరువాత కూడా జవాబు చెప్పగలిగితే, ఆ విద్యార్థి జ్ఞాపకం మనమనుకున్నదానికంటె గట్టిదన్న మాట. తరువాతి గడువు 40ని బట్టి వేయాలి. మేము 15ని బట్టి వేశాము. ఆలస్యంగా వచ్చి గెలిచినవాడికి శిక్ష విధించాము. ఇది తెలిసిన తరువాత సరిచేశాము, ఎర్ర సంఖ్యను తీసివేశాము, రోజుకు ఇన్ని మాత్రమే అని హద్దు పెట్టాము. పోయినవారు మాత్రం పోయారు.

ఈ పెట్టెను హిఫ్జుకు కూడా వాడవచ్చునా అని నేను మా ఊరి హాఫిజ్ సాహెబును అడిగాను. ఆయనకు సబఖ్, సబ్ఖీ, మంజిల్ అన్న మూడు మెట్లు తెలుసు. ఈనాటి కొత్త పాఠం, ఈ మధ్యకాలపు పాఠాలు, పాతదంతా వరుసగా. ఏడు మంజిళ్ళుగా విభజించుకొని వారానికొక ఆవృత్తి పూర్తిచేసేవారున్నారు. గట్టిగా వచ్చిన భాగాన్ని మూడు నెలల వరకు చూపకుండా, బలహీనమైనదానినే తరచుగా చూపి కాలం ఆదా చేస్తుందని యంత్రం గొప్పను వివరించాను. ఆయన కొంతసేపు ఊరుకొని, 'బేటా, ఆదా చేసి ఆ కాలంతో ఏం చేయమంటావు?' అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. గణన పద్ధతి లక్ష్యం, మరచిపోకుండా వుండడానికి కావలసిన కనీస సంపర్కం ఎంతో కనుగొనడం. పదజాలానికి అది సరైన లక్ష్యమే. తిలావత్‌కు కాదు. అక్కడ సంపర్కమే ఆరాధన. కంఠస్థమైన ఖుర్‌ఆన్‌ను కట్టివేసిన ఒంటెలతో పోల్చి, చూసుకోకపోతే జారిపోతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించిన సంగతి పాఠకులెరిగినదే. కాపరి తన ఒంటెలను నెలకు ఎన్నిసార్లు చూస్తే చాలునని లెక్కలు వేసుకోడు కదా! పైగా హిఫ్జులో ఒక ఆయతు తరువాతి ఆయతును పిలుస్తుంది. విడి చీటీలుగా కోస్తే ఆ పిలుపు తెగిపోతుంది.

అయితే హాఫిజ్ సాహెబే ఒక ఉపయోగం చూపారు. అవి ముతషాబిహాత్, అనగా ఒకదానినొకటి పోలిన ఆయతులు. మంచి హాఫిజులు కూడా తడబడేది అక్కడే. దారిద్ర్యం వల్ల సంతానాన్ని చంపవద్దన్న ఆజ్ఞ అన్ఆమ్ సూరా 151లోను, బనీ ఇస్రాయీల్ సూరా 31లోను వున్నది. మొదటిచోట ఉపాధి వాగ్దానంలో ముందు 'మీకు', తరువాత 'వారికి' అని వస్తుంది. రెండవచోట ముందు 'వారికి', తరువాత 'మీకు'. ఏది ఎక్కడో చీటీపై రాసుకుని రోజూ చూసుకోవచ్చు. కాని ముఫస్సిర్లు చూపిన కారణం ఒక్కసారి వింటే చీటీ అవసరం సగం తీరిపోతుంది. మొదటిది ఇప్పటికే పేదరికంలో వున్నవారితో అన్న మాట, కనుక ముందు తల్లిదండ్రులకు అభయం. రెండవది పేదరికం వస్తుందేమోనని భయపడేవారితో అన్న మాట, కనుక ముందు పుట్టబోయే బిడ్డకు అభయం. ఇప్పుడు మా పెట్టెలో ఈ చీటీకి మూడవవైపు ఒకటి చేర్చాము. జవాబు కింద ఆ కారణం వుంటుంది. 'జరబ' చీటీ మూడయింది, ప్రతిదాని మీద దాని ఆయతు వున్నది.

ఈ కారణాలు రాయడం యంత్రం పని కాదు. ఒక్కొక్క చీటీకి తఫ్సీర్లు తిరగేయాలి, ఉస్తాదుకు చూపాలి. ఆరు వందలలో ఇంకా సగం కూడా కాలేదు. విద్యార్థి తన చీటీలను, జవాబుల చరిత్రను సాదా దస్త్రంగా తీసుకొని వేరే సాధనానికి మారిపోయే సౌకర్యం కూడా ఇవ్వవలసి వున్నది. మేము రేపు దీనిని నడపలేకపోతే వారి కష్టం మాతోపాటు మునిగిపోకూడదు. చీటీలు తీసుకుపోయే వీలు కల్పించాము. చరిత్ర తీసుకుపోయే వీలు ఇంకా పూర్తికాలేదు.